ఆ ఒక్కటి

"రెండే పెట్టాం కదా... మూడు కనపడుతున్నాయేంటి?"

బిడ్డల కోసం మాకు చికిత్స చేస్తాండే కడప డాక్టరు మేడమ్ ఆ మాట మాతో అన్లేదు. స్కానింగు తెర దగ్గరికి ఇంకొంచెం వంగి తనలో తాను అనుకునింది. బల్ల మీద పండుకోనుండే నేను విన్నా. తలకాడ నిలబడిన మా ఆయన వసంతకుమార్ విన్నాడు. బయట వరండాలో బైబిలు ఒళ్ళో పెట్టుకోని కూర్చున్న మా అత్త విశ్వాసమ్మకు మేమే పోయి చెప్పినాం.

పెండ్లయిన ఇన్నేండ్లకు ఒక్క బిడ్డ నిలిస్తే సాలని మొక్కుకున్నది మా అత్త. ఒకటి కాదు మూడు అంటే ఎగిరి గంతేస్తాదనుకున్నా. ఆమె లేచి నిలబడి, చీర కొంగు సరిచేసుకోని, మేడమ్ గది వైపు అనుమానంగా చూసింది.

"పెట్టింది ఇద్దర్ని అన్నారు గదా. మూడో బిడ్డ యాడ్నుంచి వచ్చింది? ఇంగెవురిదన్నా కలిపినారేమో అడగరా."

"అత్తా, మెల్లగా," అన్నా నేను.

"మెల్లగా యాల? అడిగేది అడగాల."

ఆమె పోరు పడలేక మళ్ళీ లోపలికి పోయినాం. మేడమ్ విసుక్కోలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పెట్టిన రెండు పిండాల్లో ఒకటి కడుపులోకి పోయినాక చీలి రెండయిందంట. ఆ ఇద్దరూ కవలలు, ఇద్దరికీ కలిపి ఒకే మాయ. ఇంకొక బిడ్డ వేరుగా, దాని మాయ దానికి ఉండాది.

మా అత్త ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "పప్పు చీలినట్టు మనిషి చీలతాడా మేడమ్?" అనింది. నమ్మలేదు. మా ఊరు వేంపల్లెకు వచ్చేదాకా బొలేరోలో నా పక్కన కూర్చోని, "వాళ్ళేదో దాస్తాండారు," అంటానే ఉండింది. చీనీ, అదే బత్తాయి కాయల లోడు తోలే బండి అది, మా ఆయనదే. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కోని కూర్చున్నాం. ఆ పొద్దు ఎండ ముఖానికి కొడతాన్నా నాకు చల్లగానే ఉండింది.

మళ్ళీ పోయినప్పుడు మేడమ్ ముఖంలో నవ్వు లేదు. నా గర్భసంచిలో గడ్డ తీసిన పాత ఆపరేషన్ కుట్లు ఉండాయి. ఆ కుట్ల మీద ముగ్గురు పెరిగితే సంచి తట్టుకోదని చెప్పింది. ఆరో నెలకో ఏడో నెలకో కాన్పయితే ముగ్గురూ దక్కకపోవచ్చు, నేను కూడా దక్కకపోవచ్చు. "తగ్గించుకోవడం మంచిది," అనింది.

"తగ్గించడమా?" అనింది మా అత్త. "కూరలో కారమా తల్లీ తగ్గించేదానికి?"

నేను అడిగినా. "ఒకదాన్ని తీసేసి ఇద్దర్ని ఉంచుకోలేమా మేడమ్?"

"ఆ కవలల్లో ఒక్కదాని గుండె మాత్రమే ఆపడానికి లేదమ్మా. ఇద్దరి రక్తం ఒకే మాయలో తిరుగుతుంది. ఒకరికి మందు వేస్తే ఇంకొకరికీ దెబ్బ తగులుతుంది. కాబట్టి ఆ ఇద్దర్నీ ఆపి ఆ ఒక్కదాన్ని ఉంచుకోవాలి. నేను చెప్పేది అదే. ఆ ఒక్కదాన్ని ఆపి కవలల్ని ఉంచుకునే వీలుంది, కానీ ఒకే మాయ మీద బతికే కవలలకు మధ్యలో ఏదైనా కావచ్చు. నీ కుట్లకు అదీ బరువే."

ఆ పని చేసే డాక్టరు కడపలో లేడు. కర్నూలు పోవాల. ఈస్టర్ పండగ దాటినాక పొమ్మని దినం చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు మా అత్త వెనక్కి తల వాల్చి కండ్లు మూసుకునింది. నిద్రపోలేదు, పెదవులు కదులుతాండాయి. మా ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకోని, ఇంకో చెయ్యి నా చేతి మీద పెట్టినాడు. "మేడమ్ చెప్పినట్టే చేద్దాం మహిమా," అన్నాడు. "ఆ ఒక్కటైనా సాలు. ముందు నువ్వుండాల నాకు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ముగ్గురిలో ఇద్దరు పోతారన్న దుఃఖం ఒక పక్క, ఇట్లాంటి మనిషి నాకు దొరికినాడన్న సంతోషం ఇంకో పక్క. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో వేరే ఏమీ లేదు. అది నేను ఈ పొద్దుకూ నమ్ముతా.

అవి ఈస్టర్ ముందర వచ్చే శ్రమదినాలు. మా అత్తకు ఉపవాసం. పగలంతా మంచినీళ్ళ మీద ఉండి, మూడు గంటలకు గుడికి పోయి మోకాళ్ళ మీద కూర్చునేది. "ముగ్గురూ" అని పేరు పెట్టి ప్రార్థన చేసేది. కర్నూలు పోతే ఆమె వస్తానని గాని రానని గాని అన్లేదు. "నేను ఒకరిని తియ్యమనను, ఒకరిని ఉంచమనను. ఆ లెక్క నాది కాదు," అనేది. నేను జాకెట్లు కుడతా. మిషను తొక్కొద్దని మేడమ్ చెప్పింది కాబట్టి కత్తిరించడం మటుకు చేసుకుంటా గడపలో కూర్చునేదాన్ని. ఆయన బండి దిగి వస్తానే నా పక్కన నేల మీద కూర్చోని, కడుపుకు చెవి ఆనించి, "ఏందప్పా, ఏం మాట్లాడుకుంటాండారు మీరు?" అనేవాడు. ఆ నెలలో ఏం వినపడతాది? అయినా వినేవాడు.

ఈస్టర్‌కు ముందు వారం, మట్టల ఆదివారం పోయినాక ఆయన తీరు మారింది.

మొదట ఫోన్. ఫోనొస్తే ఇంట్లో మాట్లాడేవాడు కాదు, చీనీ తోట వైపు పోయి మాట్లాడి వచ్చేవాడు. ఎవురని అడిగితే "మార్కెట్టోళ్ళు" అనేవాడు. మార్కెట్టోళ్ళతో ఇన్నేండ్లూ ఆయన ఊరంతా వినపడేట్టు అరిచి మాట్లాడినాడు. ఒక దినం కడపకు లోడు తోలతానని పోయి, సాయంత్రానికి కాయలు అట్లనే ఇంటికి తెచ్చినాడు. ధర లేదన్నాడు. కండ్లు నా మీద నిలపలేదు. దానిమ్మకాయలు, ఖర్జూరాలు మాత్రం తెచ్చి నా ముందర పెట్టినాడు. అన్నేసి ఎప్పుడూ తేలేదు.

మరుసటి దినం పొద్దున్నే, "తయారుగా ఉండు. ఇంకొక స్కానింగు ఉండాది," అన్నాడు.

"మేడమ్ చెప్పలేదే?"

"కర్నూలోళ్ళు అడిగినారంట. కడపలో మిషను పనిచేయడం లేదంట. వేరే చోట తీయిద్దాం."

మా అత్త వస్తానని చెప్పులు వేసుకునింది. "బండిలో ఎండ, నువ్వెందుకుమా," అని ఆయన ఆమెను దింపినాడు.

కడప రోడ్డు వదిలిపెట్టి వేరే దోవలో పోయినాం. శానా దూరం పోయినాక ఒక మూతపడిన బట్టల అంగడి ఎనకాల ఇల్లు. ఆసుపత్రి వాసన లేదు, నర్సు లేదు. ఒక మంచం, దానికి అడ్డం పూల చీర కట్టినారు. నా ఈడు మనిషొకడు సంచిలోంచి చిన్న మిషను తీసినాడు. పుస్తకం మాదిరి తెరుచుకునింది అది. నన్ను పేరు అడగలేదు. వేలిముద్ర గాని సంతకం గాని తీసుకోలేదు. కడుపు మీద చల్లటి జిగురు పూసి, నొక్కి నొక్కి శానా సేపు చూసినాడు. నేను తల తిప్పితే, "కదలాకమ్మా," అన్నాడు. నాతో అతను మాట్లాడింది ఆ ఒక్క మాట.

తర్వాత మా ఆయన్ని చూసి, "బయటికి రా అన్నా," అన్నాడు.

నేను జిగురు తుడుచుకుంటా గోడలకల్లా చూసినా. ఏదో తక్కువగా ఉండాదనిపించింది గాని ఏందో తట్టలేదు. బండెక్కినాక తట్టింది. ఈ చికిత్స మొదలుపెట్టినప్పటినుంచి నేను పడుకున్న ప్రతి స్కానింగు గదిలోనూ ఒక బోర్డు ఉండేది. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అడగడం నేరం. ఎదురుచూసి ఎదురుచూసి ఆ అక్షరాలు నాకు కంఠతా వచ్చినాయి. ఈ గదిలో ఆ బోర్డు లేదు.

"ఫిల్మ్ ఇయ్యలేదే?" అన్నా.

"ఫోన్‌కు పంపిస్తారు."

"ఏం చెప్పినాడు?"

"అంతా బాగుండాదన్నాడు."

దోవలో బండి ఆపి చెరుకురసం తాపించినాడు. వేంపల్లె వచ్చేదాకా ఏదో పాట సన్నగా పాడుకుంటానే ఉన్నాడు. శ్రమదినాల్లో పాడే పాట కాదది. నేను పక్కన కూర్చోని ఆయన ముఖమే చూసినా. సంతోషంగా ఉన్నాడు. ఇద్దరు పోయి ఒకటి మిగలబోతాండే ఇంట్లో ఆ సంతోషం ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని నాకు నేను చెప్పుకున్నా.

ఈస్టర్ మరుసటి దినం మధ్యాన్నం అన్నాలు తింటాంటే ఆయన తల ఎత్తకుండా అన్నాడు.

"ఆలోచన చేసినా. ఒక్కటంటే ఎట్ల? రేపు దానికేమన్నా అయితే మళ్ళీ మొదటికొస్తాం. కవలల్ని ఉంచుకోని ఆ ఒక్కదాన్ని తీయిద్దాం."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండింది. "మేడమ్ వొద్దనింది గదా. నా కుట్లకు బరువనింది."

"వాళ్ళు అట్లనే భయపెడతారు. కవలలు ఊర్లో ఎంతమందికి లేరు?"

"ముందు నువ్వుండాల అంటివి."

"ఇప్పుడు మాత్రం వొద్దన్నానా?"

మా అత్త మజ్జిగ పోస్తా ఉండింది. గిన్నె కింద పెట్టింది. కొడుకు ముఖంలోకి వంగి చూసింది. కడప మేడమ్‌ను, ఆసుపత్రిని, పిండం చీలిందన్న మాటను, అన్నిటినీ అనుమానించిన మనిషి. కొడుకును ఆమె అట్ల చూడడం నేను చూసింది అదే మొదలు.

"వసంతా," అనింది. "ముగ్గురూ నీ బిడ్డలేనంటివి. ముగ్గుర్లో ఎవురి ముఖమూ నువ్వు చూడలేదు. ఆ ఒక్కదాని మీద నీకేం పగ రా?"

ఆయన చెయ్యి కడుక్కోని లేచి పోయినాడు. ఆకులో అన్నం సగం అట్లనే ఉండింది.

నేనూ మా అత్తా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరికీ వచ్చిన అనుమానం ఒకటే. పైకి అంటే అది నిజమైపోతాదని ఇద్దరికీ భయం.

కర్నూలు పోయేదానికి మా అత్త ఎవురూ పిలవకనే బయల్దేరింది. పొద్దున్నే బయల్దేరితే మధ్యాన్నానికి చేరినాం. దోవంతా చేలు ఎండి తెల్లగా ఉండాయి. బండిలో ముగ్గురం మూడు మాటలు మాట్లాడింటే ఎక్కువ.

అక్కడి డాక్టరు వయసైన మనిషి, తగ్గు గొంతు. ముందు తనే స్కానింగు చేసి, మేడమ్ చెప్పిందే మళ్ళీ చెప్పినాడు. కవలల్ని ఆపి ఆ ఒక్కదాన్ని ఉంచుకుంటే నాకూ మేలు, బిడ్డకూ మేలు అన్నాడు. ఆ గది గోడ మీద బోర్డు ఉండాది. నేను దాన్నే చూస్తా ఉన్నా.

"మేం వేరే అనుకున్నాం సార్," అన్నాడు మా ఆయన. "కవలల్ని ఉంచండి. ఆ ఒక్కదాన్ని తీసేయండి."

"ఎందుకు?"

"ఇద్దరుంటారు గదా సార్."

"ఆమెకు అది ప్రమాదమని చెప్పాను కదా. తెలిసే అంటున్నారా?"

"తెలిసే సార్."

డాక్టరు ఆయన్ని కాసేపు చూసినాడు. "మీరు కొంచెం బయట కూర్చోండి. ఆమెతో మాట్లాడాలి," అన్నాడు. మా ఆయన కదల్లేదు. నర్సు తలుపు తీసి పట్టుకుంటే అప్పుడు లేచినాడు. పోతా పోతా నా భుజం మీద చెయ్యి వేసి నొక్కినాడు. బతిమాలినట్టుండింది ఆ చెయ్యి.

తలుపు మూసినాక నేను అడిగినా. "సార్, ఆడా మగా ఈ నెలలో మిషనులో తెలుస్తాదా?"

ఆయన ముఖం గట్టిపడింది. "తెలిసినా చెప్పకూడదు. ఈ నెలలో చూసి చెప్పేవాళ్ళ మాట నమ్మేది కూడా కాదు. ఎవరైనా చెప్పారా మీకు?"

"నాకు ఎవురూ చెప్పలేదు సార్."

'నాకు' అన్న మాట నేను ఒత్తి పలికినానో లేదో తెలీదు. ఆయన మాత్రం పెన్ను బల్ల మీద పెట్టేసి, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోని, "మీ ఒంటి మీద చేసే పని ఇది. సంతకం మీది. మీరేమంటారో అదే చేస్తాను," అన్నాడు.

"మూడూ ఉంచుకోలేనా సార్?"

"ఉంచుకోవచ్చు. నేను ఆపలేను. కానీ నా కూతురైతే వద్దంటాను."

బయట వరండాలో మా అత్త దగ్గు వినపడింది. ముగ్గురూ అని ఆమె చేసిన ప్రార్థనలన్నీ చెవుల్లో తిరిగినాయి. నేను కడుపు మీద చెయ్యి పెట్టుకున్నా. ఏది ఏ పక్క ఉండాదో నాకేం తెలుసు?

"ఆ ఒక్కటి ఉండాల సార్," అన్నా.

తెర నా వైపు తిప్పలేదు. తిప్పమని నేనూ అడగలేదు. సూది దిగేటప్పుడు ఊపిరి బిగపట్టమన్నారు, బిగపట్టినా. నొప్పి అనుకున్నంత లేదు. అదే నాకు శానా కష్టమనిపించింది. ఇంత పని జరుగుతాంటే ఇంత తక్కువ నొప్పి ఉండకూడదనిపించింది. డాక్టరు చెయ్యి ఆగినాక నర్సు నా చెంపలు తుడిచింది. నేను ఏడుస్తాన్నట్టు నాకు అప్పుడు తెలిసింది.

చక్రాల కుర్చీలో బయటికి తెచ్చినారు. మా ఆయన ఎదురొచ్చినాడు. ఎట్లుండావని అడగలేదు.

"ఏది?" అన్నాడు.

"ఆ ఒక్కటి ఉండాది," అన్నా.

ఆయన ఎనక్కి పోయి బెంచీ మీద కూర్చున్నాడు. మా అత్త నన్ను చూడలేదు, కొడుకునే చూస్తా ఉండింది. ఆయన కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఆ నీళ్ళు ఎవురి కోసమో నాకు తెలీదు. ఇద్దరు బిడ్డలు పోయిన తండ్రి ఏడిస్తే తప్పేముంది? అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా.

ఆదివారం గుడిలో మా అత్త లేచి నిలబడి, "ఇద్దరు నిలవలేదు. ఒకరుండారు. ప్రార్థన చేయండి," అనింది. పాస్టరు అయ్యగారు కండ్లు మూసుకోని ప్రార్థన చేసినాడు. ఆడోళ్ళు నా వీపు నిమిరినారు. మా అత్త మాటలో అబద్ధం లేదు, నిజమూ లేదు. ఇంటికి వచ్చినాక ఆమె తలుపేసుకోని సాయంత్రందాకా బయటికి రాలేదు. నన్ను ఒక మాట అన్లేదు. అనింటే బాగుండు.

తర్వాత ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో మాటలు లేవు. ఆయన తోటలోనే ఎక్కువుండేవాడు. బోరు నీళ్ళు తగ్గినాయని, చెట్లు ఎండుతాండాయని అనేవాడు. నిజమే, తగ్గినాయి. ఇంటికి వస్తే నా పక్కన కూర్చునేవాడు గాని కడుపుకు చెవి ఆనించేవాడు కాదు. కడపకు చూపించడానికి తీసుకపోయేవాడు, మందులు తెచ్చేవాడు. ఏ పనీ మానలేదు. బిడ్డ కదలడం మొదలుపెట్టినప్పుడు ఆయన చెయ్యి పట్టుకోని పొట్ట మీద పెట్టినా. కాసేపుంచి, "బండి టైరు చూసుకోవాల," అని లేచినాడు.

ఒంటరిగా ఉన్నప్పుడు నా మీద నాకే అనుమానమొచ్చేది. డాక్టరు మాట విని చేసినానా, ఆయన మీద పంతంతో చేసినానా? రెండింట్లో ఏది ముందు వచ్చిందో విడదీసి చూడలేకపోయినా. ఒక్కోసారి ఆయన్ని అన్యాయంగా అనుమానిస్తాండానేమో అనిపించేది. ఆ బట్టల అంగడి ఎనకాల ఇంట్లో ఏం చెప్పినారని గట్టిగా అడిగితే సరిపోయేది. అడగలేదు. 'అదేం లేదు మహిమా, నీ బాగోగులే అడిగినా' అని ఆయన చెప్తే నమ్ముదామని నాకు ఆశ. చెప్పేటప్పుడు ఆయన కండ్లు తిప్పుకుంటాడేమోనని భయం.

వానలు ఆలస్యంగా పడినాయి ఆ యేడు. వానల్లోనే కడపలో ఆపరేషన్ చేసి బిడ్డను తీసినారు. నడుముకు మత్తు ఇచ్చినారు కాబట్టి నాకు తెలివి ఉండాది. బిడ్డ ఏడుపు విన్నా. మేడమ్ నా వైపు తిరిగి ఏదో అనింది గాని ముక్కుకు గుడ్డ కట్టుకున్నందుకు ఏం చెప్పిందో తెలీలేదు. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తలుపు తీసింది. తలుపు సగం తెరిచే ఉండింది. బయట మా ఆయనా మా అత్తా నిలబడింటారు.

"మగబిడ్డమ్మా," అనింది నర్సు.

ఎవురూ మాట్లాడలేదు. కడప ఆసుపత్రుల్లో ఆ మాట విన్న ఏ వరండా అట్ల సద్దు లేకుండా ఉండదు.

అప్పుడు మా ఆయన గొంతు వినపడింది. "మగబిడ్డనా? సరిగ్గా చూసినారా సిస్టర్?"

నర్సు నవ్వింది. "ఏమప్పా, మగబిడ్డంటే నమ్మనోణ్ణి నిన్నే చూస్తాండా!"

నేను పైన దీపాన్ని చూస్తా పండుకోనుండా. కింద కుట్లు వేస్తాండారు. ఆ మాటలో సంతోషం లేదు. వేరే ఎవురికోసమో ఎదురుచూసిన మనిషి అడిగే మాట అది. ఎండాకాలమంతా నేను అడగని దానికి ఆయనే వచ్చి జవాబు చెప్పిపోయినట్టయింది.

వార్డులోకి తెచ్చినాక ఆయన మంచం పక్కన నిలబడినాడు. బిడ్డ మా అత్త చేతుల్లో ఉండాది.

"ఆయప్ప ఆడపిల్ల అన్నాడు," అన్నాడు.

ఎవురని నేను అడగలేదు.

"ఆ ఇద్దరూ మగపిల్లలు, ఇది ఆడపిల్ల అన్నాడు. నేను అడగాలనే పోయినా. అబద్ధం చెప్పను. పోకముందు నాకు ఏదైనా ఒకటే. విన్నాక ఆ మాట మనసులోంచి పోలేదు." బిడ్డ వైపు చూసి, "అయితే ఆ ఇద్దరూ ఎవురో మరి," అన్నాడు.

"ఎవురైతే నీకేం రా?" అనింది మా అత్త. గొంతు పెంచలేదు. "నేను ముగ్గురూ అని అడిగినా దేవుణ్ణి. మగా ఆడా అని అడగలేదు."

ఆయన బిడ్డ కోసం చేతులు చాపినాడు. ఆమె ఇయ్యలేదు. తీసుకొచ్చి నా పక్కన పండబెట్టింది.

"నేను అడిగిన సంగతి నీకు తెలుసా మహిమా?" అన్నాడు ఆయన. "కర్నూల్లోనే తెలుసా?"

"తెలీదు. అనుమానపడినా అంతే. ఇంగ అనుమానపడే పని లేదు నాకు," అన్నా.

ఆయన ముఖానికి చేతులడ్డం పెట్టుకున్నాడు. పక్క మంచం ఆమె చుట్టాలు మమ్మల్ని వింతగా చూసినారు. మగబిడ్డ పుట్టిన మంచం కాడ ఏడ్చేవాళ్ళను ఎక్కువ చూసుండరు.

ఇప్పుడు మావాడు నిలబడి అడుగులు వేస్తాండాడు. ఏడిస్తే ముందు లేచేది ఆయనే. నీళ్ళు పోసేది ఆయనే, బండి ముందర కూర్చోబెట్టుకోని వీధంతా తిప్పేది ఆయనే. మంచి తండ్రి అని అందరూ అంటారు. నేనూ కాదనను. ఆడపిల్లయింటే ఇట్లనే లేచేవాడా అని వాడు ఏడ్చిన ప్రతిసారీ నాకనిపిస్తాది. ఆయన లేస్తా ఒక్కోసారి నా వైపు చూస్తాడు. నేను ఏమనుకుంటాండానో ఆయనకు తెలుసు.

పోయిన నెల ఒక దినం పొద్దున మేము అన్నాలు తిని కూర్చోనుంటే కడప ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. అప్పుడు పెట్టకుండా మిగిలిన పిండం ఒకటి ఫ్రీజర్లో ఉండాదంట. ఇంకో యేడాది ఉంచమంటారా, తీసేయమంటారా అని అడిగినారు. ఫోను స్పీకరులో ఉండింది. మా అత్త చేటలో బియ్యం ఏరుకుంటా చెయ్యి ఆపింది. ఆయన నాకల్లా చూసి, "ఉంచమను. మనం పోయి మాట్లాడదాం," అన్నాడు. అప్పుడే పోయేటట్టు చొక్కా కోసం లేచినాడు.

"ఉంచండి మేడమ్," అన్నా నేను. "వచ్చి మాట్లాడతా. నేనొక్కదాన్నే వస్తా."

ఆయన ఒక చెయ్యి చొక్కాలో పెట్టినోడు పెట్టినట్టే ఆగినాడు. కాసేపట్లో ఆ చొక్కా విప్పి మళ్ళీ కొక్కానికి తగిలించినాడు. మా అత్త చేట పక్కకు జరిపి, పిల్లోణ్ణి ఎత్తుకోని, "పోయిరా తల్లీ. మధ్యాన్నం బస్సు ఉండాది," అనింది.